జామాయిల్ ఎన్ని బిందెలు తాగింది?

రేవుపేట,
గోడకి తూర్పు వైపు నుంచి,
ఏప్రిల్ 18.

గోడకి పడమటి వైపు కాపురముంటున్న పెద్దింట్లమ్మ గారికి, మీ తోడికోడలు వీరదుర్గ నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీరు క్షేమమేనని మీ దగ్గు వినబడుతూనే ఉంది కాబట్టి అడగడం లేదు.

పక్కింటికి ఉత్తరమేంటని పోస్టుమేన్ బుల్లబ్బాయి నవ్వుతాడు. నవ్వనివ్వండి. నా గంగాధర్ పెద్దకర్మ నాడు నేనో మాటన్నాను, మీరో మాటన్నారు. ఇద్దరం అదే ఊపులో నూకాలమ్మ గుడికి పోయి, పసుపునీళ్ళు చేతిలో పోసుకుని ఒట్టేసుకున్నాం. దానితో నోరు విప్పి మాట్లాడను, దాని గుమ్మం తొక్కను, దాని చేతిది నా చేత్తో పుచ్చుకోను అని. రెండేళ్ళయింది. ఉత్తరం రాయను అని మాత్రం మనిద్దరిలో ఎవరూ అనలేదు. నేను చదివింది ఐదో తరగతి, మీరు ఎనిమిది. మనం రాసుకుంటామని ఆ తల్లి కూడా అనుకుని ఉండదు. చేత్తో ఇవ్వకూడదు గనక పోస్టులో వేస్తున్నాను.

సంగతేంటంటే, నిన్న పడవ దిగి వచ్చాక మీ మరిది నాతో అన్నారు. "వదిన జామాయిల్ చెట్టు కొట్టెయ్యమంటందే. నుయ్యి మొత్తం అదే తాగేస్తందంట." అలా అనేసి, కంచం ముందు కూర్చుని పులుసు వడ్డించమన్నారు. వాళ్ళన్నదమ్ములు ఒకే పడవ మీద పోయి ఒకే వల లాగుతారు, వాళ్ళకేం పట్టింది.

మామగారు ఇల్లు పంచినప్పుడు నూతిని కూడా పంచాలని దాని నడిమధ్య నుంచి గోడ కట్టించారు. మీ వైపో గిలక, నా వైపో గిలక. లోపల నీళ్ళు మాత్రం ఒకటే. ఆ నీళ్ళు ఏటా కాలవ కట్టేసినప్పుడు దిగిపోతాయి, కాలవ వదలగానే ఎక్కుతాయి. మనం కాపురాలకి వచ్చినప్పటి నుంచీ అంతే కదండీ. ఈ ఏడు కొత్తగా చెట్టు మీద పడ్డారేం?

ఆ చెట్టు ఎవరు నాటారో నేను చెప్పక్కర్లేదు. జామాయిల్ దుంగలు లారీకెక్కించే పనికి వెళ్ళిన మొదటి ఏడు గంగాధర్ ఆ మొక్క తెచ్చాడు. "అమ్మా, పడిశం పట్టినప్పుడల్లా ఆకు కోసం ఊరంతా తిరుగుతావు. ఇక మన పెరట్లోనే కోసుకుని ఆవిరి పట్టుకో" అన్నాడు. వాడు పోయాడు, అది ఉంది. దాన్ని కూడా కొట్టించేస్తే పొద్దున్న లేచి నేను ఎవరి మొహం చూడాలండి?

చెట్టు నీళ్ళు తాగడం మీరు చూశారా? అదేమైనా గిలక దగ్గరికొచ్చి బాల్చీ వేసిందా? తాగడానికి దానికి నోరుందా?

ఇట్లు,
వీరదుర్గ.


రేవుపేట,
గోడకి పడమటి వైపు,
ఏప్రిల్ 23.

చి. దుర్గకి, పెద్దింట్లమ్మ ఆశీర్వదించి రాయునది. పెద్దదాన్ని గనక ఆశీర్వాదం రాయక తప్పలేదు. మనసులోంచి వచ్చిందనుకోకు.

నీ ఉత్తరం నిన్న అందింది. మనూరి డబ్బాలో పడి, సంచిలో రాజమండ్రి పోయి, అక్కడ ముద్ర గుద్దించుకుని మళ్ళీ మనూరికే వచ్చింది. మీ బావగారు నన్ను పుష్కరాలకి తప్ప రాజమండ్రి తీసుకెళ్ళిన పాపాన పోలేదు. నీ ఉత్తరం మాత్రం హాయిగా తిరిగొచ్చింది.

కాలవ సంగతి నాకు చెప్పకు. కాలవ కట్టేస్తే నీళ్ళు దిగుతాయి, నిజమే. ఈ ఏడు దిగడం కాదు, బాల్చీ వేస్తే బురద చప్పుడొస్తంది. జామాయిల్ సంగతి లోకమంతా ఎరుగును. తణుకు పక్కన మా తమ్ముడి ఊళ్ళో ఎవరో గట్టు మీద జామాయిల్ వేస్తే పక్క చేలో వరి పాలు పోసుకోలేదంట. ఒక్కో చెట్టు రోజుకి యాభై బిందెలు తాగుద్దని మా తమ్ముడన్నాడు. టీ కొట్టు దగ్గర వంద అన్నారని మీ బావగారు చెప్పారు. నేను న్యాయంగా యాభై దగ్గరే ఆగాను.

దానికి నోరుందా అని అడిగావు. నోరు లేని వాళ్ళే ఎక్కువ తాగుతారు. నోరున్న దానివి నువ్వు, నాలుగిళ్ళకి వినబడతావు గానీ రోజుకి చెంబుడు నీళ్ళు తాగవు.

కులపెద్ద త్రిమూర్తులు గారికి కబురు పెట్టాను. ఆదివారం వచ్చి చూస్తారు. ఆయన ఏం చెప్తే అది.

ఇట్లు,
పెద్దింట్లమ్మ.


రేవుపేట, తూర్పు వైపు,
మే 2.

పెద్దింట్లమ్మ గారికి,

త్రిమూర్తులు గారు వచ్చి వెళ్ళారు. మీ వైపు వచ్చి నూతిలోకి చూశారు, మజ్జిగ తాగారు. వీధంట తిరిగి మా వైపొచ్చి మళ్ళీ నూతిలోకి చూశారు, మళ్ళీ మజ్జిగ తాగారు. తర్వాత మీసం తుడుచుకుని, "రెండు వైపులా ఒకటే నుయ్యుందమ్మా" అన్నారు. పెద్దమనిషంటే పెద్దమనిషే.

మీకు చెప్పిన తీర్పే నాకూ చెప్పారు. కాలవ వదిలేదాకా ఎవరూ చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. కాలవ వదిలాక నుయ్యి ఎక్కితే చెట్టు ఉంటుంది. ఎక్కకపోతే నేనే దగ్గరుండి కొట్టించాలి. సరే అన్నాను. అన్నాను గానీ ఆ రోజు నుంచి పొద్దునొకసారి, రాత్రొకసారి నూతిలోకి తొంగి చూస్తున్నాను. మీ తమ్ముడి యాభై, టీ కొట్టు వాళ్ళ వంద నెత్తి మీద మోగుతున్నాయి.

అందుకని రైతు సేవా కేంద్రంలో హైమ అనే అమ్మాయి ఉంటే పోయి అడిగాను. మొక్కల చదువు చదువుకున్న పిల్ల, నిదానంగా చెప్పింది. "చెట్టు చెట్టుకీ తేడా అండి. వయసుని బట్టి, ఎండని బట్టి, కింద తడిని బట్టి ఉంటది. మీ చెట్టంత లావుదైతే ఈ ఎండల్లో రోజుకి రెండు మూడు బిందెలు తాగొచ్చు. కట్టగట్టి తోట వేస్తే నేల ఆరిపోద్ది, అది నిజమే. ఒక్క చెట్టు నుయ్యి ఎండబెట్టడం కష్టమండి" అంది. రాసుకోండి. యాభై కాదు, రెండు మూడు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. చెట్టు తాగిన నీళ్ళు కడుపులో దాచుకోదంట. చిటికెడు ఉంచుకుని మిగతాదంతా ఆకుల్లోంచి ఆవిరి కింద వదిలేస్తదంట. "ఆకులున్న కొమ్మకి ప్లాస్టిక్ సంచి కట్టి చూడండి, మీకే తెలుస్తది" అంది. ఇంటికి రాగానే కట్టాను. గోడెక్కితే నాకు అందింది మీ వైపు వంగిన కొమ్మే. మధ్యాహ్నానికి సంచి లోపలంతా చెమట పట్టింది. సాయంత్రానికి అడుగున నీళ్ళు ఊరాయి. నేను నమ్మలేక వేలు పెట్టి చూశాను. చెట్టుకీ చెమట పడతాదండీ! వాడు దుంగలు మోసొచ్చి అరుగు మీద కూలబడితే ఇలాగే కారేది.

మీ వైపు సంచి వేలాడుతుంటే చూసి కంగారు పడొద్దని ముందుగా రాస్తున్నాను.

వీరదుర్గ.


రేవుపేట, పడమటి వైపు,
మే 3.

దుర్గా!

ఆశీర్వాదం లేదు, ఏమీ లేదు. ఇంత పాపానికి ఒడిగడతావని అనుకోలేదు. నా వైపు వంగిన కొమ్మకి తెల్లసంచి కట్టి, అందులో నీళ్ళు మంత్రించి పెడతావా? వడియాలు పెడదామని పొద్దున్నే మేడ ఎక్కితే, సరిగ్గా నా కళ్ళెదురుగా వేలాడుతోంది. మొన్న లేని నీళ్ళు అందులోకి ఎక్కడి నుంచి వచ్చాయి? వాన పడలేదు, మంచు పడలేదు, సంచి మూతి బిగించి ఉంది. మా కోడలు రమ్యశ్రీ ఫోన్లో ఫొటో తీసి వాళ్ళ పుట్టింటికి పంపింది. వాళ్ళు అప్పుడే ముడుపు కట్టేశారంట.

దిష్టి తీసే ఆయన్ని పిలిపించాను. ఆయన నిమ్మకాయలు కోసి, కుంకం చల్లి, కర్రతో సంచిని పొడిచాడు. అది చిరిగి నీళ్ళన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. మేమంతా మూడడుగులు వెనక్కి దూకాం. ఆయన మాత్రం మొహం తుడుచుకుని, ఆ చిరిగిన సంచిలో ముక్కు పెట్టి గట్టిగా రెండుసార్లు పీల్చాడు. "వారం నుంచి పడిశం పట్టి చస్తన్నానమ్మా, ముక్కు తెరుచుకుంది. ఇలాంటిది ఇంకోటి కట్టించగలరా?" అన్నాడు. ఏం మనిషి!

నాకు జవాబు కావాలి. చేతబడి చేశావా లేదా? ఔనో కాదో రాయి. పోస్టు చేసేటప్పుడు బిళ్ళ సరిగ్గా అంటించు. పోయినసారి బుల్లబ్బాయి నసిగాడు.

పెద్దింట్లమ్మ.


రేవుపేట, తూర్పు వైపు,
మే 14.

పెద్దింట్లమ్మ గారికి,

మీ ఉత్తరం, నా ఉత్తరం రాజమండ్రిలో ఒకదానికొకటి ఎదురుపడి ఉంటాయి. అవైనా పలకరించుకున్నాయో, మొహం తిప్పుకున్నాయో.

నా ఉత్తరం ఈపాటికి అంది, అది చేతబడి కాదు చెట్టు చెమట అని తెలిసే ఉంటది. దిష్టి తీసే ఆయన నా దగ్గరికీ వచ్చాడు. చేటెడు ఆకు దూసి ఇచ్చి పంపాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న నీళ్ళు తోడుతుంటే నా బాల్చీ దేనికో తగులుకుంది. లాగితే రాదు. నేను, మీ మరిది కలిసి లాగాం. తాడుతో పాటు నల్లటి పైపొకటి పైకొచ్చింది. లావుగా, నున్నగా ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందా అని చూస్తే గోడ కింద నుంచి మీ వైపుకి పోయింది. మీ మరిది దాన్ని చూసి, నన్ను చూసి, "వల బాగుచెయ్యాలి" అని వెళ్ళిపోయారు.

చదువుకున్న వాళ్ళు మీరు, చెప్పండి. అది కూడా జామాయిల్ వేరేనా? వేరైతే మీ మేడ మీద టాంకు దాకా ఎందుకు పాకింది? రోజూ పొద్దున పూట మీ ఇంట్లో బుర్ర్ మని మోగేది మిక్సీ అనుకుంటూ వచ్చాను. అంత పచ్చడి ఎవరు తింటున్నారా అని కూడా అనుకున్నాను.

వీరదుర్గ.


రేవుపేట, పడమటి వైపు,
మే 20.

దుర్గకి,

అది మోటారు. మా వాడు సురేష్‌బాబు పెట్టాడు, రమ్యశ్రీ బట్టలు ఉతికే మిషన్ కోసం. నాకు తెలియకుండా పెట్టాడు అని రాద్దామనుకున్నాను గానీ, పైపుకి తాడు కట్టి దింపింది నేనే. ఆ మిషన్ రెండు చీరలకి ఎన్ని నీళ్ళు తాగుద్దో మీ హైమని అడగకు. అడిగినా నాకు రాయకు. మోటారు తీసేయించాను. రమ్యశ్రీ మొహం మాడ్చుకుని కాలవ గట్టు బోరింగు దగ్గర ఉతుక్కుంటంది.

నా సంగతి అయింది. మరి నీ సంగతి?

నేను వడియాలకి మేడ ఎక్కుతాను. ఎండిన మిరపకాయలు దింపడానికి ఎక్కుతాను. ఊరికే కూడా ఎక్కుతాను. రోజూ పొద్దున్నే నువ్వు రెండు బిందెలు తోడి ఆ చెట్టు మొదట్లో పోస్తావు. మనుషులకి గుక్కెడు దొరకనప్పుడు కూడా పోశావు. పోస్తూ దానితో మాట్లాడతావు. "రాత్రి ఉక్కపోతకి నిద్రపట్టిందా నాన్నా" అని అడుగుతావు. జామాయిల్‌కి నీళ్ళు పోసిన మనిషిని గోదావరి జిల్లాల్లో నిన్నొక్కదాన్నే చూశాను.

చెట్టు తాగుతుందా, నువ్వు తాగిస్తున్నావా? ఇది త్రిమూర్తులు గారితో చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు.

పెద్దింట్లమ్మ.


రేవుపేట, తూర్పు వైపు,
జూన్ 11.

పెద్దింట్లమ్మ గారికి,

జవాబు ఆలస్యమైంది. నీళ్ళ కోసం ఆగాను.

ఔను, పోస్తున్నాను. హైమ కూడా, "అక్కర్లేదండి, దాని వేళ్ళు లోతుకి పోయి ఉంటాయి, దాని నీళ్ళు అదే చూసుకుంటది" అంది. దానికి అక్కర్లేకపోవచ్చు. నాకు కావాలి. వాడు పనికెళ్ళే ముందు నూతి గట్టున వంగుని నిలబడితే రోజూ నేనే వీపు మీద నీళ్ళు పోసేదాన్ని. ఇంత మగాడయ్యాక ఏంటిరా అని తిట్టేదాన్ని, పోసేదాన్ని. ఇప్పుడు తెల్లారితే చెయ్యి బిందె మీదకి పోతుంది. ఆ చేతిని నేనేం చెయ్యను?

అది సరే. కాలవ వదిలారు! మొన్న వచ్చిందా కాలవ, ఇవాళ పొద్దున నూతిలో మెట్టురాయి మునిగింది. మీరు మీ గిలక దగ్గర నిలబడి కిందకి చూడటం, చూసి గొంతు సవరించుకోవడం, అన్నీ ఇటు వినబడ్డాయి. త్రిమూర్తులు గారు మళ్ళీ వచ్చి, మళ్ళీ రెండు వైపులా చూసి, రెండు వైపులా మజ్జిగ తాగి, చెట్టు ఉంటుందని చెప్పారు. నేను నెగ్గాను. టీ కొట్టు దగ్గర వంద అన్నాయన ఇప్పుడు అసలు జామాయిల్ నీళ్ళే తాగదంటున్నాడంట.

కాబట్టి ఇక మీదట నా చెట్టు జోలికి రావద్దండి. మీకేం, మీ కొడుకు మీ కళ్ళెదుట మోటార్లు బిగిస్తా తిరుగుతున్నాడు. నాకున్నది ఆ చెట్టొకటే.

వీరదుర్గ.


రేవుపేట, పడమటి వైపు,
జూన్ 16.

దుర్గా,

నెగ్గావు. ఒప్పుకున్నాను.

"మీకేం, మీ కొడుకు ఉన్నాడు." ఇదే మాట పెద్దకర్మ నాడు పదిమందిలో అన్నావు. ఆ మాటకే నేను గుడికి పోయాను. మళ్ళీ ఇప్పుడు కాగితం మీద రాశావు. అందుకని నేనూ ఒకటి రాస్తాను. చదివి చింపెయ్.

చెట్టు కొట్టమన్నది నీళ్ళ కోసం కాదు. నీళ్ళు కాలవ వదిలితే వస్తాయని నాకు తెలియదా?

నువ్వు చేపల తట్ట నెత్తినెత్తుకుని పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కితే, చీకటి పడి నువ్వొచ్చేదాకా గంగాధర్ నా సంకలోనే ఉండేవాడు. ఒక పక్క సురేష్, ఒక పక్క వాడు. పెద్దాడయ్యాక కూడా లోడింగు నుంచి వస్తే ముందు నా గుమ్మంలో కూలబడేవాడు. "దొడ్డమ్మా, ముద్ద పెట్టు" అనేవాడు. నువ్వు ఇంట్లో వండి ఉంచేదానివి. అక్కడ తిననట్టు నటించి మళ్ళీ తినేవాడు. నీకు తెలీదు. వాడి ఒంటి నిండా జామాయిల్ వాసన. తలంటి పోసినా పోయేది కాదు.

తూర్పు గాలి తిరిగితే ఆ వాసన గోడ దాటి వస్తది. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోద్ది. గుమ్మం వైపు చూస్తాను. చూసి, ఎందుకు చూశానో గుర్తొచ్చి, కంచం అవతలికి తోసేస్తాను. మీ బావగారు ఉప్పెక్కువైందా అంటారు. ఔనంటాను. రెండేళ్ళుగా మా ఇంట్లో ఉప్పెక్కువే.

తల్లివి గనక ఊరంతా నీ గుమ్మంలోకి వచ్చి నీతో ఏడ్చారు. దొడ్డమ్మని ఎవరూ పలకరించరు. నాకు ఏడవడానికి ఒక వంక కావాల్సి వచ్చింది. నీళ్ళు దొరికాయి.

పెద్దింట్లమ్మ.


రేవుపేట,
జూన్ 20.

అక్కా,

మీరు అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

వాడు నీ గుమ్మంలో తిని వచ్చి నా దగ్గర ఆకలేస్తందని కూర్చునేవాడా! ఎంత దొంగ వెధవ! పిల్లాడు సరిగ్గా తినట్లేదని నేను నూకాలమ్మకి మొక్కుకున్నాను. ఆ మొక్కు తీర్చాను కూడా.

నేను రెండేళ్ళు నా ఒక్కదాని కొడుకే పోయాడనుకున్నాను. నీ దగ్గు విన్నాను, నీ గిలక చప్పుడు విన్నాను, కంచం తోసేసిన చప్పుడు నాకు వినబడలేదు.

వాడితో పాటు లోడింగు చేసిన ప్రేమ్ కుమార్‌కి చెప్పాను. వచ్చే ఆదివారం రంపం మిషన్ తెచ్చి చెట్టు కొడతాడు. నువ్వు అన్నం తినలేని చెట్టు నా పెరట్లో వద్దు. నాకు పడిశం పడితే మిరియాల పాలు తాగుతాను. చేతి సంగతంటావా, చెయ్యి ఏదో ఒకటి నేర్చుకుంటది.

అక్కా, కాస్త తిను.

దుర్గ.


రేవుపేట, పడమటి వైపు,
జూన్ 28, ఆదివారం.

దుర్గా,

ఇవాళ జరిగింది నువ్వూ చూశావు, ఊరూ చూసింది. అయినా నా వైపు నుంచి ఎలా జరిగిందో రాసి పెట్టాలి. లేకపోతే ఒట్టు తప్పానని నువ్వే ప్రచారం చేస్తావు.

నీ ఉత్తరం గురువారం అందింది. అందిన వెంటనే "కొట్టించొద్దు" అని రాసి డబ్బాలో వేశాను. వేశాక లెక్క తెలిసింది. అది రాజమండ్రి పోయి వచ్చేసరికి సోమవారం అవుద్ది. బుల్లబ్బాయి కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఆ ఉత్తరం తీసి పక్కింట్లో పడెయ్యి నాయనా" అన్నాను. "పిన్నిగారూ, డబ్బాలో పడ్డాక అది సర్కారు సొత్తండి, రాజమండ్రి చూడకుండా రాకూడదండి" అన్నాడు. మరిదితో కబురు చేద్దామంటే అన్నదమ్ములిద్దరూ వేటకని సముద్రం మొగ దాకా పోయారు. సురేష్‌ని పంపుదామంటే రమ్యశ్రీతో అత్తారింటికి వెళ్ళాడు. ముడుపు తీర్చాలంట, నీ సంచికి.

ఇవాళ పొద్దున రంపం మోగింది. ఆ మోతకి నాకు ఒకటే తోచింది. ఆ చెట్టు పడిపోతే ఇక నా చెయ్యి అన్నంలో ఆగదు. గుమ్మం వైపు చూడను. అంటే వాడు నా ఇంటికి కూడా రావడం మానేస్తాడు.

వడియాల బల్ల గోడకి ఆనించి ఎక్కాను. ఈ మోకాళ్ళతో ఎలా ఎక్కానో ఆ తల్లికే తెలుసు. నువ్వు ఎదురుగా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉన్నావు. ఒట్టు గుర్తొచ్చింది. అందుకే నిన్ను చూడలేదు. చెట్టుని చూసి అరిచాను.

"ఒసే చెట్టూ! ఎవరు కొట్టమన్నారే నిన్ను? పడ్డావంటే ఊరుకోను!"

ప్రేమ్ కుమార్ భయపడి మిషన్ ఆపేశాడు. అప్పటికి నా వైపు కొమ్మ ఒక్కటే తెగింది. అప్పుడు నువ్వు, నా వైపు చూడకుండా, చెట్టు బెరడు మీద కొట్టి అడిగావు.

"నీ వాసనకి ఎవరికో అన్నం దిగట్లేదంట కదే చెట్టూ!"

"దిగకపోతే నీకేంటే చెట్టూ? దిగకపోయినా నాకు రావాలే ఆ వాసన!"

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదే చెట్టూ! మనిషిని ఇంత ఏడిపించాలా?"

"చెప్పానే చెట్టూ, పోస్టులో ఉంది!"

ప్రేమ్ కుమార్ నిన్నూ నన్నూ చెట్టునీ మార్చి మార్చి చూసి, రంపం భుజాన వేసుకుని, టీ కూడా తాగకుండా పోయాడు.

త్రిమూర్తులు గారిని అడిగాను. మజ్జిగ తాగి ఆలోచించి చెప్పారు. చెట్టుతో మాట్లాడనని ఒట్టేసుకోలేదు గనక ఒట్టు నిలిచే ఉందంట. ఎవరైనా మధ్యలో నిలబడి వింటే అది వాళ్ళ తప్పంట.

తెగిన కొమ్మ నా పెరట్లో పడింది. ఆకు దూసి, నీళ్ళు కాచి, ముసుగేసుకుని ఆవిరి పట్టుకున్నాను. ఆ ముసుగులో ఏడిస్తే ఎవరికీ తెలీదని ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు చూడు. దగ్గు కూడా తగ్గింది.

నీ అక్క,
పెద్దింట్లమ్మ.


రేవుపేట,
చెట్టు కింద నుంచి,
జూలై 19.

అక్కా,

ఇది రాయాల్సిన పని లేదు. బుల్లబ్బాయి నిన్న గుమ్మంలో సైకిలాపి, "ఏంటండి, ఉత్తరాలు మానేశారు, మన పోస్టాఫీసు మూసేస్తారండి" అని బెంగ పడ్డాడు. పాపం, అతని కోసం రాస్తున్నాను.

నిన్న నువ్వు చెట్టుతో చెప్పిందంతా చెట్టు నాకు చెప్పింది. చేపల పులుసు గిన్నె గోడ మీద పెట్టానని, అది చెట్టుకోసమేనని, పులుపు తక్కువైతే చెట్టు ఏమీ అనుకోకూడదని. చెట్టు ఏమీ అనుకోలేదు. రెండుసార్లు కలుపుకుంది. గిన్నె తోమి గోడ మీదే పెట్టింది, తీసుకో. నీ చేతిది నా చేత్తో పుచ్చుకోలేదు, గోడ దగ్గర పుచ్చుకున్నాను. ఇది కూడా త్రిమూర్తులు గారిని అడుగుదామంటే మజ్జిగ అయిపోయింది.

తెగిన చోట చిన్న పిలకలు వచ్చాయి. మళ్ళీ నీ వైపుకే వంగుతున్నాయి.

ఒక మాట. పొద్దున పూట నేను పోసే రెండు బిందెల్లో ఒకటి ఇక నువ్వు పొయ్యి. నుయ్యి నిండుగా ఉంది. గోడ మీంచి వంచితే సరిగ్గా మొదట్లో పడుద్ది, నేను చూశాను. నా చెయ్యొక్కటే పోస్తే ఏదోలా ఉంది, వాడికి వీపు మీద నేను పోస్తే, తలంటి నువ్వు పోసేదానివి కదా.

దానికి అక్కర్లేదని హైమ మళ్ళీ అంటది, అననీ. తాగినదంతా ఆకుల్లోంచి గాల్లోకి వదిలేస్తదని కూడా ఆ పిల్లే అంది కదా. ఇన్నాళ్ళూ నేను పోసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయా అనుకునేదాన్ని. తూర్పు గాలి తిరిగినప్పుడు గోడ దాటి, నీ కంచం దగ్గరికి పోతున్నాయి అక్కా.

వాసన వస్తే గుమ్మం వైపు చూసుకో. ముద్ద మాత్రం ఆపకు.

దుర్గ.